ఆడకుక్క ఈత తేదీ అంచనా: లెక్క ఏ రోజు నుంచి?

వ్యవసాయ విజ్ఞాన కేంద్రానికి వచ్చే రైతు పైరు గురించి మాత్రమే అడగడు. మందను కాచే కుక్కో, పొలం కాపలా కుక్కో చూడితో ఉంటే అది ఎప్పుడు ఈనుతుందని కూడా అడుగుతాడు. జత కట్టిన నాటి నుంచి రెండు నెలలన్నది వాడుకలో ఉన్న జవాబు. సగటున అది తప్పు కాదు. అయితే ఒక్కొక్క కుక్క విషయంలో ఆ లెక్క వారం రోజులు అటూ ఇటూ కావచ్చు. ఈ తేడాకు కారణాన్ని, దానిని తగ్గించే మార్గాలను ఇక్కడ పరిశీలిద్దాం.

వరి కోత తేదీని అంచనా వేసేటప్పుడు ఇటువంటి సమస్యే ఎదురవుతుంది. విత్తిన నాటి నుంచి లెక్కిస్తే రకాన్ని బట్టి, ఉష్ణోగ్రతను బట్టి గడువు మారుతుంది. సగం వెన్నులు పూతకు వచ్చిన నాటి నుంచి లెక్కిస్తే సుమారు 30 రోజులకు పైరు కోతకు వస్తుంది. ఆరంభ బిందువు మారితే అంచనాలోని కచ్చితత్వం కూడా మారుతుంది.

జత కట్టిన తేదీ ఎందుకు చాలదు?

ఆవు ఎద ఒక రోజుకు మించి ఉండదు. కాబట్టి కృత్రిమ గర్భధారణ చేసిన తేదీకి, అండం విడుదలైన తేదీకి పెద్ద తేడా ఉండదు. ఆవుకు సుమారు 280 రోజులు, గేదెకు సుమారు 310 రోజులు అన్న లెక్క అందువల్లనే పనికివస్తుంది.

కుక్కలో పరిస్థితి వేరు. ఆడకుక్క మగకుక్కను అంగీకరించే దశ సగటున 9 రోజులు సాగుతుంది. విడుదలైన అండం వెంటనే ఫలదీకరణకు సిద్ధంగా ఉండదు. అది పక్వం కావడానికి మరో రెండు మూడు రోజులు పడుతుంది. మరోవైపు శుక్రకణాలు ఆడకుక్క గర్భాశయ మార్గంలో వారం రోజుల వరకు సజీవంగా ఉండగలవు. అందువల్ల అండోత్సర్గానికి అయిదు రోజుల ముందు జత కట్టినా, నాలుగు రోజుల తరువాత జత కట్టినా చూలు నిలవవచ్చు. జత కట్టిన నాటి నుంచి చూస్తే గర్భకాలం 57 నుంచి 72 రోజుల వరకు కనిపించడానికి కారణమిదే. అండోత్సర్గం నుంచి లెక్కిస్తే అది 63 రోజులు. తేడా ఒకటి రెండు రోజులకు మించదు.

ఉదాహరణకు లీపు సంవత్సరం కాని ఏడాదిలో జనవరి 1న జత కట్టిన కుక్క ఫిబ్రవరి 27 నుంచి మార్చి 14 లోపు ఎప్పుడైనా ఈనవచ్చు. అండోత్సర్గం జనవరి 4న జరిగిందని తెలిస్తే మార్చి 8వ తేదీని కేంద్రంగా ఉంచుకోవచ్చు.

అండోత్సర్గాన్ని గుర్తించడం

ఎద సమయంలో రెండు మూడు రోజులకొకసారి రక్తంలో ప్రొజెస్టిరోన్‌ను పరీక్షించడం నమ్మదగిన పద్ధతి. ల్యూటినైజింగ్ హార్మోన్ ఒక్కసారిగా పెరిగే వేళ ఇది మిల్లీలీటరుకు 2 నుంచి 3 నానోగ్రాములు ఉంటుంది. ఆ తరువాత రెండు రోజులకు, సుమారు 5 నానోగ్రాముల వద్ద అండోత్సర్గం జరుగుతుంది. యోని స్రావపు పలుచని పూతను సూక్ష్మదర్శినిలో చూసి, పొలుసు కణాలు హఠాత్తుగా తగ్గిన రోజును గుర్తిస్తే, అక్కడి నుంచి సుమారు 57 రోజులకు ఈత వస్తుంది.

ఈ అవకాశం దాటిపోయినా మార్గాలున్నాయి. 25వ రోజు ప్రాంతంలో అల్ట్రాసౌండ్ స్కానింగ్‌లో పిండాల గుండె చప్పుడు కనిపిస్తుంది. పిండాల కొలతలను బట్టి వయస్సును అంచనా వేయవచ్చు. 55వ రోజు దాటిన తరువాత ఎక్స్‌రే తీస్తే ఎముకలు స్పష్టమై పిల్లల సంఖ్య తెలుస్తుంది.

చివరి వారం

ఈతకు ముందు ప్రొజెస్టిరోన్ పడిపోతుంది. దానితోపాటు శరీర ఉష్ణోగ్రత తగ్గుతుంది. 57వ రోజు నుంచి రోజుకు రెండు మూడు సార్లు ఆసనంలో థర్మామీటరుతో చూసి రాసుకోవాలి. అది 37.2 డిగ్రీల సెల్సియస్, అంటే 99 డిగ్రీల ఫారన్‌హీట్ కంటే తగ్గితే చాలా కుక్కలు 24 గంటల లోపు ఈనుతాయి. ఈ తగ్గుదల కొన్ని గంటలే ఉండవచ్చు, కొన్నింటిలో కనిపించకపోవచ్చు. కనుక దీనిని ఒక్కదానినే నమ్ముకోరాదు.

తేదీ తప్పితే నష్టమేమిటి?

పిల్లల ఊపిరితిత్తులు చివరి కొద్ది రోజులలోనే పక్వమవుతాయి. గడువు దాటిందని పొరపడి ముందుగా సిజేరియన్ చేస్తే పిల్లలు శ్వాస తీసుకోలేక చనిపోతాయి. గడువు నిజంగా దాటినా ఇంకా సమయముందని ఊరుకుంటే మాయ క్షీణించి కడుపులోనే చనిపోతాయి. ఒకటి రెండు పిల్లలే ఉన్నప్పుడు నొప్పులు సకాలంలో మొదలుకాకపోవచ్చు. అప్పుడు పశువైద్యుని నిర్ణయానికి ఆధారం సరైన తేదీయే.

ఉష్ణోగ్రత తగ్గి 24 గంటలు గడిచినా నొప్పులు రాకపోయినా, అరగంటసేపు గట్టిగా ముక్కినా పిల్ల బయటపడకపోయినా, మొదటి పిల్లకు ముందే ముదురాకుపచ్చ స్రావం కనిపించినా, ఆలస్యం చేయకుండా పశువైద్యుని వద్దకు తీసుకువెళ్లాలి.

ప్రయోగశాల అందుబాటులో లేని గ్రామంలోనూ కొంత చేయవచ్చు. ఎద రక్తస్రావం మొదలైన రోజు, జత కట్టిన ప్రతి రోజు, ఆడకుక్క మగకుక్కను దగ్గరకు రానివ్వడం మానిన రోజు అనే మూడింటినీ యజమాని చేత రాయించాలి. చూలు నిర్ధారణకు 25వ రోజు దాటగానే పంపాలి. విస్తరణ శాస్త్రవేత్త రైతుకు ఒకే తేదీ చెప్పడం కంటే, ఏ రోజు నుంచి ఏ రోజు వరకు జాగ్రత్తగా కనిపెట్టి ఉండాలో చెప్పడం మేలు.