వేగపు కారుకు గేరు మీట: ఎన్నుకొను విధము

మైలాపూరులో కారు నడుపువారి ఎడమచేతికి విశ్రాంతి తక్కువ. కపాలీశ్వరుని కోవెల చుట్టునున్న మాడవీథులలో మొదటి రెండు గేరులతోనే ప్రయాణము సాగును; మూడవదానితో పని పడుట అరుదు. కచ్చేరీ రోడ్డునుండి లజ్ మూలకు చేరులోపల గేరు మార్చిన పర్యాయములను ఒకనాటి సాయంకాలము నేను లెక్కించితిని, ముప్పదినాలుగు తేలినవి. అదే కారును ఆదివారమునాడు ఇరుంగాట్టుకోట్టై పందెపుబాటకు కొనిపోయి వేగముగా నడుపవలెనని ముచ్చటపడు యువకులు మన తెలుగు కుటుంబములలోను కలరు. వారిలో పలువురు మొట్టమొదట మార్పింపదలచు భాగము గేరు మీట. వాడుకలో దీనినే గేరు రాడ్డు అందురు. కారుతో వచ్చిన మీటను తీసివేసి, అంగడిలో విడిగా అమ్ము ‘షార్ట్ షిఫ్టర్’ అను పొట్టి మీటను అమర్చినచో గేరు చురుకుగా పడునని వారి నమ్మకము. అందులో కొంత నిజము కలదు, కొంత భ్రమయు కలదు. ఆ రెండింటిని వేరుచేసి చూచుటకు ఇచట ప్రయత్నించుచున్నాను.

ఈ ముచ్చట మద్రాసుకు క్రొత్తది కాదు. అంబాసిడరు, ప్రీమియర్ పద్మినీ కార్లే రాజ్యమేలిన దినములలో ఆ రెండింటికిని గేరు మీట చక్రము క్రిందనే, స్టీరింగు స్తంభమునకు అంటియుండెడిది. మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డుకు మాత్రము అది నేలమీద నుండెడిది. హెరాల్డు నడిపినవాని చేయి పద్మినీలో నిలిచెడిది కాదు. కనుక పద్మినీకి ‘ఫ్లోర్ షిఫ్టు’ పెట్టించుకొనుట నాటి కుఱ్ఱకారుకు ఒక సరదా. జనరల్ పాటర్స్ రోడ్డులోని విడిభాగముల అంగళ్లు, పుదుపేటలోని పాతసామానుల కొట్లు తిరిగి, కావలసిన కడ్డీలను సంపాదించి, ఏదో యొక షెడ్డులో అమర్పించుకొనెడివారు. 1953లో ఏర్పడిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్బు యుద్ధకాలపు విమానపుబాటయగు షోలవరములో పందెములు నడపిన కాలమది. 1990లో ఆ క్లబ్బువారు ఇరుంగాట్టుకోట్టైలో సుమారు 3.7 కిలోమీటర్ల స్వంతబాటను తెరచిరి. కార్లు మారినవి, బాట మారినది; గేరు మీటమీది మోజు మాత్రము మారలేదు.

స్తంభముమీది గేరుపై నాటివారికి గల అసంతృప్తికి కారణమేమి? ఆ మీటకును గేరుబాక్సుకును నడుమ పొడవైన కడ్డీలు, మలుపులు, కీళ్లు అనేకముండెడివి. ఒక్కొక్క కీలులో అర మిల్లీమీటరు వదులు ఏర్పడినదనుకొందము. మీట పైచివరకు చేరుసరికి అది అయిదు రెట్లయి, రెండున్నర మిల్లీమీటర్లగును. అట్టి కీళ్లు నాలుగున్నచో చేతిక్రింద పది మిల్లీమీటర్ల ఊగులాట. గేరు పడినదో లేదో చేతికి తెలియని స్థితి ఇదియే. మీటను నేలమీదికి దింపినపుడు కీళ్లు తగ్గినవి, కడ్డీలు పొట్టివైనవి. కనుక స్పష్టత వచ్చినది. నాటి మార్పు గుణమిచ్చుటకు మూలము మీట పొట్టిదగుట కాదు, మార్గము పొట్టిదగుట. ఈ భేదమును నేటివారు మరచుచున్నారు.

ఇక పొట్టి మీట చేయునదేమో చూతము. బడిలో చదివిన మీటసూత్రమే ఇది. గేరు మీటకు నడుమ ఒక ఆధారము; దానిపైన చేతివైపు భాగము, క్రింద గేరుబాక్సువైపు భాగము. పైభాగము 200 మిల్లీమీటర్లు, క్రిందిభాగము 40 మిల్లీమీటర్లు అనుకొందము. నిష్పత్తి అయిదు. క్రిందిచివర 12 మిల్లీమీటర్లు కదలిననే గేరు పడునన్నచో చేయి 60 మిల్లీమీటర్లు కదలవలెను. క్రింద పది కిలోల బలము కావలసియున్నచో చేతికి రెండు కిలోలు చాలును. ఇపుడు క్రిందిభాగమును 50 మిల్లీమీటర్లకు పెంచితిమి. నిష్పత్తి నాలుగైనది. చేయి 48 మిల్లీమీటర్లే కదలును. కాని రెండున్నర కిలోల బలము పెట్టవలెను. అరువదిని రెండుతో, నలువదియెనిమిదిని రెండున్నరతో గుణించి చూడుడు; రెండు లెక్కలకును నూటయిరువదియే వచ్చును. దూరములో ఆదాచేసినది బలములో చెల్లింపవలసినదే. ప్రకటనలలో ‘నూటికి నలువది తగ్గింపు’ అని ఘనముగా వ్రాయుదురు. దూరము నూటికి నలువది తగ్గినచో బలము మూడింట రెండువంతులు పెరుగునని మాత్రము వ్రాయరు. పందెపుబాటమీద అరగంటసేపు ఈ భారము తెలియకపోవచ్చును. మాడవీథులలో ముప్పదినాలుగు మార్లు గేరు మార్చినవాని భుజమునకు తప్పక తెలియును.

నా మేనల్లుడు మూడేండ్లక్రిందట పాతకారొకటి కొనెను. చిన్నదే గాని చురుకైనది. గేరు ‘సున్నపుకుండలో గరిటె త్రిప్పినట్లున్నది, మామయ్యా’ అని వాపోయి, విదేశపు పొట్టి మీట నొకదానిని తెప్పింప నిశ్చయించెను. డబ్బు కట్టుటకు ముందు కారును ఒకమారు పైకెత్తి చూతమంటిని. గేరుబాక్సుమీద తీగెలు తగులుకొను చోట నుండవలసిన బుష్షులు రెండును అరిగి, తీగెకొన వాటిలో గిలకవలె ఆడుచుండెను. వాటి వెల ఆ మీట వెలలో ఇరువదియవవంతయినను లేదు. మార్చిన సాయంకాలమే కుండయు గరిటెయు మాయమైనవి.

దీనిలో గమనింపదగిన సంగతి యొకటి కలదు. బుష్షులు మార్చక ఆ పొట్టి మీటనే పెట్టియుండినచో, అపుడును కొంత మేలు కనిపించెడిది. నిష్పత్తి అయిదునుండి నాలుగుకు దిగినపుడు పది మిల్లీమీటర్ల ఊగులాట ఎనిమిదికి దిగును గదా! కొన్నవాడు సంతోషించును, అరుగుదల లోపల అట్లే సాగుచుండును, పైగా ఇపుడు దానిపై పడు బలము హెచ్చు. కాబట్టి బుష్షులు, తీగెలు, గేరుబాక్సును పట్టియుంచు రబ్బరు దిమ్మలు, గేరు నూనె, క్లచ్చి సంపూర్ణముగా విడుచుట, వీనిని సరిచేసిన తరువాతనే క్రొత్త మీట మాట తలపెట్టవలెను. చాలమందికి ఆ అవసరమే ఉండదని నా అనుభవము.

అవసరమున్నవారు గేరుబాక్సు లోపల జరుగుదానిని కొంచెము తెలిసికొనవలెను. గేరు పడుటకు ముందు రెండు భాగముల వేగము సమానము కావలెను. ఆ పనిచేయునది సింక్రో రింగు. అది శంకువువంటి తలమును ఒరసికొని, ఆ ఒరపిడిచేత వేగములను కలుపును. కలియువరకు గేరు పండ్లకు అడ్డునిలుచును. దీనికి కొంత కాలము పట్టును. పొట్టి మీట చేతి ప్రయాణమును తగ్గించునే గాని, ఈ రింగుకు కావలసిన కాలమును తనంతట తాను తగ్గింపజాలదు. ఒత్తిడి పెంచినచో కాలము కొంత తగ్గును. కాని రింగుమీద భారము పెరుగును. తొందరపడి త్రోసినచో కరకర శబ్దము పుట్టును. ఆ శబ్దమునకు వెల కలదు: గేరుబాక్సు దింపి, విప్పి, రింగులు మార్చు కూలి. పందెపు కార్లలో కొన్నిటికి సింక్రోలు లేని గేరుబాక్సులుండును. వాటిని చూచి వీధికారును అట్లు నడుపరాదు. 1989లో ఫెరారీవారు ఫార్ములా వన్ కారులో మీటను తీసివేసి, చక్రము వెనుక రెండు రెక్కలు పెట్టి, ఆ యేటి మొదటి పందెమును బ్రెజిలులో గెలిచిరి. గేరు మార్పును వేగపఱచుటకు వారు మీటను పొట్టిచేయలేదు. చేతినే ఆ పనినుండి తప్పించిరి.

ముందువెనుకల కదలిక కంటె ప్రక్కకదలిక ముఖ్యమైనది. దీనిని గూర్చి అమ్మువారు మాటలాడరు. అయిదవ గేరునుండి నాలుగవదానికి దిగవలసిన చోట, ఎడమచేతితో మీటను మనకు దూరముగా కొంచెము ఎక్కువ నెట్టినచో అది రెండవ గేరులో పడును. నాలుగవ గేరులో ఇంజను నిమిషమునకు అయిదువేల చుట్లు తిరుగు వేగమనుకొందము. నాలుగవదాని నిష్పత్తి ఒకటి, రెండవదానిది రెండు అయినచో, క్లచ్చి విడిచిన క్షణమున ఇంజను పదివేల చుట్లు తిరుగవలసివచ్చును. చుట్లను అదుపుచేయు సాధనమున్నదిగదా అని కొందరందురు. అది ఇంధనమును ఆపగలదు. చక్రములే ఇంజనును త్రిప్పుచున్నపుడు అది చేయగలదేమియు లేదు. కవాటములు వంగును, పిస్టన్లు చెడును. ఒక్క నెట్టుతో లక్షలు బూడిద. మీటను మూడు నాలుగు గేరుల వరుసకు తనంతట తెచ్చి నిలుపు స్ప్రింగు ఇట్టి పొరపాటుకు కాపు. ప్రక్కకదలికను కూడ తగ్గించి, ఆ స్ప్రింగును పలుచన చేసిన మీటను ఎంత అందముగా నున్నను కొనరాదు. వెనుకగేరులో పొరపాటున పడకుండ ఆపు అడ్డు క్రొత్త మీటలో పనిచేయుచున్నదో లేదో కారు నిలిపియుంచి పరీక్షింపవలెను.

విడిగా అమ్ము మీటల చరిత్రలో అమెరికాదేశపు జార్జి హర్స్ట్ పేరు వినని మోటారు ప్రియుడుండడు. 1964లో పాంటియాక్ జి.టి.ఓ. కారు హర్స్ట్ మీటతోనే కార్ఖానానుండి వెలువడెను. ఆయన సంస్థవారి పందెపు మీటలలో నాకు నచ్చిన అంశము పొడవు కాదు, ఆపుమరలు. గేరు పడిన పిదప మీట ఇంకను ముందుకు పోకుండ మరలను సరిచూచి బిగింపవచ్చును. అవి లేనిచో, ఉత్సాహవంతుడు త్రోసిన త్రోపు అంతయు గేరుబాక్సులోని సన్నని ఫోర్కుమీద పడి, కాలక్రమమున దానిని వంచును. నేటి మీట కొనువారును ఆపు ఎచట నున్నదని అడుగవలెను. అడిగినపుడు అమ్మువాడు తెల్లబోయినచో సమాధానము దొరికినట్లే.

కారు అమరికనుబట్టి ఎన్నిక మారును. మారుతీ జిప్సీవంటి బండిలో మీట నేరుగా గేరుబాక్సులోనికే దిగును. అందు పొట్టి మీట గుణము బాగుగా తెలియును, ఇంజను అదురు కూడ చేతికి అంతే బాగుగా తెలియును. మారుతీ 800లో కడ్డీ యొకటి నడుమ నుండును. అందు కీళ్లే ప్రధానము. ఇటీవలి ముందుచక్రముల కార్లలో పెక్కింటికి తీగెలు. వాటిలో లోపలి మీటను ముట్టకయే, గేరుబాక్సుమీది చేతిని మార్చి దూరము తగ్గింపవచ్చును. రెండు మూడు రంధ్రములున్న చేతినే కొనుట మేలు. నచ్చనిచో తిరిగి పాత దూరమునకు పోవచ్చును.

విదేశపు సరకు కొనునపుడు మరి యొక చిక్కు. అమెరికాలో చోదకుడు ఎడమవైపు కూర్చుండును. అచటివారికై ఎడమకు వంచిన మీట మనకు అందక, ప్రక్కవాని మోకాలివైపు వాలియుండును. రబ్బరు బుష్షులకు మారుగా ఇత్తడివి, ఉక్కు గోళముల కీళ్లు పెట్టినచో స్పష్టత పెరుగును, శబ్దమును పెరుగును. సాంతోము దాపున కాపురమున్నవారు ఈ గోళపుకీళ్లకు తొడుగులు తప్పక వేయింపవలెను. సముద్రపుగాలికి ఒక్క వర్షాకాలములోనే త్రుప్పు పట్టుట చూచితిని. బరువైన పిడి మంచిదే. దాని బరువు చలనములో మీటను ముందుకు లాగి చేతికి తోడ్పడును. కాని నున్నని ఉక్కుపిడిని కొన్నవాడు రోహిణికార్తెలో మిట్టమధ్యాహ్నము దానిని ఒకమారు పట్టుకొని చూడవలెను!

చట్టమును గూర్చి రెండు మాటలు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ విభాగము వాహనములో ఇచ్చవచ్చిన మార్పులను నిషేధించుచున్నది. నమోదుపత్రములో గేరు మీట కొలతలు ఉండవన్నమాట నిజమే. అయినను హామీకాలము మిగిలియున్న కారుకు దీనిని పెట్టించుట లాభసాటి కాదు. పందెములలో పాల్గొనువారు తాము చేరు తరగతి నిబంధనలను ముందుగా చదువవలెను. కొన్ని తరగతులలో మార్పులు తక్కువగా అనుమతింపబడును.

మా మేనల్లుడు ఏడాది ఆగి, తుదకు మూడు రంధ్రముల చేతినే కొనెను. చివరి రంధ్రములో పెట్టి ఇరుంగాట్టుకోట్టైకి పోయి, మరునాడు ఆఫీసుకు పోవునపుడు చేయి నొచ్చి, నడిమి రంధ్రమునకు మార్చెను. ఇప్పటికిని అందే యున్నది. తీసివేసిన పాత బుష్షులు రెండును నా బల్లసొరుగులో నున్నవి. వాటిలో ఒకదాని రంధ్రము అరిగి అరిగి కోడిగ్రుడ్డు ఆకారమునకు తిరిగినది.