భూమి పత్రాల అనువాదం: భాష వస్తే చాలదు, కొలత తెలియాలి

పూండి జలాశయ పరిసరాలలోని తెలుగు కుటుంబాలకు ఊత్తుకోట దాటితే సత్యవేడు, నాగలాపురం వైపు బంధుత్వాలుండటం, కొందరికి భూములు కూడా ఉండటం కొత్త కాదు. పంపకాలో, అమ్మకమో వచ్చినప్పుడే చిక్కు మొదలవుతుంది. ఒక వైపు పత్రం తమిళంలో, మరొక వైపు పత్రం తెలుగులో ఉంటుంది.

దీనికి మూలం చరిత్రలోనే ఉంది. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి తాలూకా చిత్తూరు జిల్లా నుండి నాటి మద్రాసు రాష్ట్రంలో చేరింది. పొన్నేరి, తిరువళ్లూరు తాలూకాలలోని కొన్ని గ్రామాలు ఆంధ్రప్రదేశ్‌కు వచ్చాయి. అందువల్ల తాతల నాటి దస్తావేజు ఒక భాషలో, నేటి పట్టా మరొక భాషలో ఉండవచ్చు.

రిజిస్ట్రేషన్ చట్టం, 1908లోని 19వ సెక్షన్ ప్రకారం, రిజిస్టరు చేసే అధికారికి తెలియని భాషలో, ఆ జిల్లాలో సాధారణంగా వాడుకలో లేని భాషలో దస్తావేజు ఉంటే, దానితోపాటు సరైన అనువాదం, నకలు జతచేయాలి. లేనిచో రిజిస్ట్రేషన్ జరుగదు.

పొరపాట్లు ఎక్కడ?

తమిళనాడు పట్టాలో విస్తీర్ణం హెక్టార్లు, ఆర్లలో ఉంటుంది. ఆంధ్రలో ఎకరాలు, సెంట్లు వాడుక. ఒక ఆర్ అంటే 100 చదరపు మీటర్లు, సుమారు 2.47 సెంట్లు. పట్టాలో 0-40.50 అని ఉంటే అది నలభైన్నర ఆర్లు, అనగా దాదాపు ఎకరం. దానిని నలభైన్నర సెంట్లని రాస్తే కాగితం మీద అరవై సెంట్ల వరకు మాయమవుతుంది.

పాత పటాలలో కొలతలు లింకులలో ఉండవచ్చు. 66 అడుగుల గొలుసుకు 100 లింకులు. వాటిని మీటర్లుగా భావిస్తే 20 మీటర్ల గట్టు 100 మీటర్లవుతుంది.

మాటలూ మోసగిస్తాయి. తమిళంలో ‘ఏరి’ అంటే చెరువు; మన ‘ఏరు’ కాదు. ‘నంజై’ మాగాణి, ‘పుంజై’ మెట్ట, ‘నత్తం’ గ్రామకంఠం.

ఎవరిని ఆశ్రయించాలి?

రెండు లిపులూ చదవగలిగి, భూమి కొలతలో అనుభవమున్న విశ్రాంత సర్వేయరు గాని, దస్తావేజు లేఖకుడు గాని దొరికితే మేలు. పని అప్పగించే ముందు పాత పట్టా ఒకటి చూపి, విస్తీర్ణాన్ని సెంట్లలోనూ, నాలుగు హద్దులనూ చెప్పమని అడగాలి. అక్కడే తడబడేవారికి పని ఇవ్వరాదు.

అనువాదంలో సర్వే నంబరు, సబ్‌డివిజన్ గుర్తు యథాతథంగా ఉండాలి. మూలంలోని కొలతను అలాగే రాసి, పక్కన సమాన కొలతను చూపాలి. పటాన్ని తిరిగి గీయించక, ధ్రువీకరించిన నకలునే జతపరచాలి. అనువాదకుని సంతకానికి ఎవరి ధ్రువీకరణ కావాలో సబ్‌రిజిస్ట్రారు కార్యాలయంలో ముందే తెలుసుకోవాలి.

చివరగా, సంతకాలకు ముందు ఇంటిల్లిపాది కూర్చుని అంకెలను మూలంతో ఒక్కొక్కటిగా సరిచూసుకోవాలి. వాక్యంలోని తప్పును తర్వాత దిద్దుకోవచ్చును. గట్టు విషయంలో తప్పు అన్నదమ్ముల మధ్య తగవుగా మిగిలిపోతుంది.