మీ వంటింట్లో ఉన్నవన్నీ వంటకేనా?

వంటిల్లు సర్దుకోవడం అంటే చాలామంది అందానికి సంబంధించిన పని అనుకుంటారు. పండుగ దగ్గర పడితేనో, చుట్టాలు వస్తున్నారని తెలిస్తేనో డబ్బాలన్నీ దించి, తుడిచి, మళ్ళీ అక్కడే పెట్టేస్తాం. నిజానికి ఇది ఆరోగ్యానికి, ఒక్కోసారి ప్రాణానికి సంబంధించిన పని.

2013 జులై 16న బీహార్‌లోని సారణ్ జిల్లాలో ఒక ప్రాథమిక పాఠశాలలో మధ్యాహ్న భోజనం తిన్న పిల్లల్లో 23 మంది చనిపోయారు. కూర వండిన నూనెలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు ఉన్నట్లు పరీక్షల్లో తేలింది. పొలానికి కొట్టే మందు, తినే నూనె ఒకదానితో ఒకటి కలిసే అవకాశం ఎక్కడా ఉండకూడదని ఆ సంఘటన మనకు నేర్పుతుంది. మరి మన ఇంట్లో ఆ అవకాశం లేదా? ఒక్కసారి వంటింట్లోకి వెళ్ళి చూడండి.

గూట్లో ఏమేం ఉన్నాయి?

ఖాళీ అయిన కూల్‌డ్రింక్ సీసాను పారేయడానికి మనకు మనసొప్పదు. "ఎందుకైనా పనికొస్తుంది" అని దాచి, అందులో కిరోసినో, ఫినాయిలో, బాత్‌రూమ్ కడిగే యాసిడో పోస్తాం. మనకు అది యాసిడ్ సీసా. రెండేళ్ళ పిల్లవాడికి మాత్రం అది కూల్‌డ్రింకే. దాహం వేస్తే ఎత్తి తాగేస్తాడు.

బొద్దింకల కోసం తెచ్చిన బోరిక్ పొడి చూడటానికి మైదాపిండిలా ఉంటుంది. పేస్టు రూపంలో వచ్చే ఎలుకల మందు ట్యూబు పళ్ళు తోముకునే పేస్టులా ఉంటుంది. గర్భిణులకు ఇచ్చే ఎర్రని ఐరన్ మాత్రలు పిల్లల కంటికి చాక్లెట్ బిళ్ళల్లా కనిపిస్తాయి. కొన్నే కదా అనుకోకండి, చిన్నపిల్లలు ఆ మాత్రలు ఎక్కువగా మింగితే ప్రాణాపాయం. ఇవన్నీ పోపుల డబ్బా పక్కనే ఉంటే పొరపాటు జరగడానికి ఒక్క క్షణం చాలు. పెద్దవాళ్ళు కూడా కరెంటు లేనప్పుడు, చూపు సరిగా ఆననప్పుడు ఇలాగే పొరబడతారు.

ఎలా సర్దాలి?

వంటిల్లంతా ఒకే రోజు సర్దాలనుకుంటే సగంలోనే విసుగొస్తుంది. రోజుకు ఒక్క అర చాలు. అందులో ఉన్నవన్నీ కింద పెట్టి మూడు కుప్పలు చేయండి.

1. తినేవి. వీటిని మూత గట్టిగా ఉన్న డబ్బాల్లో పోసి, కాగితం మీద పేరు, కొన్న నెల రాసి అంటించండి. పాత సరుకు ముందుకు, కొత్తది వెనక్కు పెట్టండి. ఇంట్లో చదువురాని పెద్దవాళ్ళు ఉంటే ప్రతి వస్తువుకూ ఒకే చోటు ఏర్పాటు చేసి, దాన్ని మార్చకండి. అయోడిన్ ఉప్పును మూత ఉన్న డబ్బాలో, పొయ్యి వేడికి, తడికి దూరంగా ఉంచండి.

2. తినకూడనివి. కిరోసిన్, యాసిడ్, ఫినాయిల్, ఎలుకల మందు, మాత్రలు వంటింట్లో ఉండనే కూడదు. పిల్లలకు అందని ఎత్తులో, తాళం వేసిన చోట పెట్టండి. దేన్నీ దాని అసలు సీసాలోంచి వేరే దానిలోకి మార్చకండి. పురుగుమందు డబ్బాను ఎంత కడిగినా సరే, నీళ్ళకు, నూనెకు, ధాన్యానికి వాడకూడదు. దానికి చిల్లులు పొడిచి, ఎవరూ వాడుకోకుండా చేయండి.

3. పారేయవలసినవి. గడువు దాటిన పొట్లాలు, ముక్క వాసన వస్తున్న పిండి, కారిపోయిన నూనె డబ్బాలు, గుట్టలుగా పడి ఉన్న పాత పేపర్లు, ప్లాస్టిక్ కవర్లు. బొద్దింకలు, ఎలుకలు దాక్కునేది ఈ చెత్తలోనే. పొయ్యి దగ్గర ఉంటే మంట అంటుకునేది కూడా దీనికే.

బూజు పట్టిన వేరుశనగ గుళ్ళు, మొక్కజొన్నల విషయంలో పొదుపు చూడకండి. కొన్ని రకాల బూజు నుంచి పుట్టే అఫ్లాటాక్సిన్ అనే విషం కాలేయాన్ని దెబ్బతీస్తుంది. కడిగినా, వేయించినా అది పూర్తిగా పోదు. 1974లో గుజరాత్, రాజస్థాన్ గ్రామాల్లో బూజు పట్టిన మొక్కజొన్న తిని, కాలేయం దెబ్బతిని వంద మందికి పైగా చనిపోయారు. గింజల్ని బాగా ఎండబెట్టి, తడి తగలకుండా దాచుకోవాలి. బూజు పట్టినవాటిని పశువులకు, కోళ్ళకు కూడా వేయకండి.

బరువైన గిన్నెలు కింది అరల్లో, రోజూ వాడేవి చేతికందే ఎత్తులో పెట్టండి. అటక మీద సామాను కోసం స్టూలెక్కి పడి తుంటి విరగ్గొట్టుకునే అవసరం పెద్దవాళ్ళకు రాకూడదు. గ్యాస్ సిలిండర్ నిలువుగా, స్టౌ దానికంటే ఎత్తులో ఉండాలి. గ్యాస్ గాలికంటే బరువు కాబట్టి నేల మీదే పరుచుకుంటుంది. అందుకే సిలిండర్ చుట్టూ సామాను కుక్కకుండా గాలి ఆడనివ్వండి.

పొరపాటున మింగితే

• కిరోసిన్, యాసిడ్ లాంటివి తాగితే వాంతి చేయించకండి. గొంతులో వేలు పెట్టడం, ఉప్పునీళ్ళు తాగించడం వద్దు. వాంతిలో కిరోసిన్ ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది. యాసిడ్ పైకి వస్తూ గొంతును మళ్ళీ కాలుస్తుంది.
• తడిసిన బట్టలు విప్పేసి, ఒంటిని నీళ్ళతో బాగా కడగండి. పురుగుమందైతే సబ్బు కూడా వాడండి.
• స్పృహ లేకపోతే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో ఏమీ పోయకండి.
• 108కి ఫోన్ చేయండి. మింగిన మందు సీసా లేదా ట్యూబు వెంట తీసుకెళ్ళండి. డాక్టర్లకు అది ఎంతో ఉపయోగం.
• ఎలుకల పేస్టు తిన్నవారు మొదటి ఒకటి రెండు రోజులు మామూలుగానే కనిపించవచ్చు. "బాగానే ఉన్నాడుగా" అని ఇంట్లో ఉంచేయకండి. లోపల కాలేయం పాడవుతూ ఉంటుంది. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

ఈ పనికి కొత్త డబ్బాలు కొననక్కర్లేదు. ఒక పెన్ను, కాస్త కాగితం, కొంచెం జిగురు చాలు. ఈ రోజు ఇంటికి వెళ్ళగానే ముందుగా వంటింట్లో ఉన్న కూల్‌డ్రింక్ సీసాలన్నీ బయటికి తీయండి. దేనిలో ఏముందో చూడండి. అందులో తాగకూడనిది ఒక్కటి దొరికినా, మీ ఇంట్లో ఒక ప్రమాదాన్ని ముందే ఆపినట్లే.