ఇంజను పీల్చెడు గాలి

విశాఖపట్టణమునుండి అరకులోయకు పోవు బాట గోపాలపట్నము మీదుగా సాగును. ఇచటినుండి బయలుదేరిన బస్సులును, లారీలును పెందుర్తి, కొత్తవలస, శృంగవరపుకోట దాటి అనంతగిరి ఘాటీ నెక్కవలెను. ఈ బాటపై బండి నడపువారికి రెండు సంగతులు అనుభవములోనికి వచ్చును. మే నెల మధ్యాహ్నముకంటె జనవరి వేకువలో ఇంజను చురుకుగా లాగును. ఇది మొదటిది. అనంతగిరి కొండలపై గాలి యెంత చల్లగానున్నను, అచట ఇంజను బరువుగా మూల్గును. ఇది రెండవది. ఈ రెండును ఒకదానికొకటి పొసగనట్లు తోచును. చల్లదనమే మేలు చేయునదైనచో కొండమీది చల్లదనము ఏల మేలు చేయదు?

కారు పెట్రోలుతో నడచునని అందరు అందురు. అది సగము మాట మాత్రమే. పెట్రోలు మండవలెనన్న గాలిలోని ప్రాణవాయువు కావలెను. ఒక కిలో పెట్రోలు చక్కగా మండుటకు దాదాపు 15 కిలోల గాలి అవసరము. లీటరు పెట్రోలునకు ఇంచుమించు 9,000 లీటర్ల గాలి! ట్యాంకులోని పెట్రోలును మనము కొని పోయుదుము గనుక లెక్క తెలియును. గాలిని ఇంజను తనంతట తాను పీల్చుకొనును గనుక దాని లెక్క ఎవరికిని పట్టదు. 1,200 ఘనసెంటీమీటర్ల చిన్న కారు ఇంజను నిమిషమునకు 3,000 చుట్లు తిరుగుచు నిండుగా గాలి పీల్చినచో, నిమిషమునకు సుమారు 1,800 లీటర్లు లోనికి పోవును. మూడు మీటర్ల పొడవు, వెడల్పు, ఎత్తు గల గదిలోని గాలి యంతయు పదునైదు నిమిషములలో దాని కడుపున పడును.

ఇచట ఒక చిక్కు కలదు. ఇంజనులోని సిలిండరు కుంచము వంటిది. అది గాలిని కొలుచునే కాని తూచదు. కుంచెడు బియ్యమును, కుంచెడు పేలాలును కొలతలో సమానమే; ఆకలి తీర్చుటలో సమానము కావు. గాలియు వేడెక్కినకొలది పేలాలవలె ఉబ్బును. వేడికి వాయువులు ఒకే రీతిగా వ్యాకోచించునని ఫ్రాన్సు దేశీయుడగు జాక్ చార్లెస్ 1787 ప్రాంతమున కనుగొనెను. ఒత్తిడి మారనిచో, సున్నకు దిగువ 273 డిగ్రీలనుండి లెక్కించిన ఉష్ణోగ్రత యెంత పెరిగిన, గాలి పరిమాణమును అదే పాళ్లలో పెరుగును. సముద్రమట్టమున 18 డిగ్రీల చలివేళ ఘనమీటరు పొడిగాలి సుమారు 1,210 గ్రాములు తూగును. అదే గాలి 38 డిగ్రీల ఎండలో 1,135 గ్రాములే తూగును. అనగా ప్రతి కుంచమునను నూరింట ఆరు పాళ్లకు పైగా తరుగు.

మరి ఇంజను బలమును అంతే తగ్గునా? తగ్గదు. పరీక్షాశాలలలో కొలిచి చూడగా, పెట్రోలు ఇంజను కోల్పోవు బలము ఈ లెక్కలో సుమారు సగమే యని తేలినది. లోనికి పోవు గాలి వేడి గొట్టములను, కవాటములను రాచుకొనుచు పోవును. చల్లని గాలి ఆ దారిలో ఎక్కువ వేడిని పుచ్చుకొనును. ముందే వేడెక్కిన గాలి తక్కువ పుచ్చుకొనును. అందుచేత సిలిండరు చేరునప్పటికి రెంటి భేదము కొంత సమసిపోవును. కాని సముద్రతీరమున మరియొక నష్టమున్నది. వేసవి ఉక్కలో గోపాలపట్నపు గాలియందు నూరింట నాలుగు పాళ్ల వరకు నీటియావిరి యుండవచ్చును. ఆవిరి మంటకు తోడ్పడదు. ప్రాణవాయువు ఉండవలసిన చోటును ఆక్రమించును. ఇవి చాలవన్నట్లు లోపలివారిని చల్లబరచు ఏసీ యంత్రమును ఆ ఇంజనే త్రిప్పవలెను.

పాత అంబాసిడరు కార్ల డ్రైవర్లు ఎండవేళ పెట్రోలు పంపుపై తడిగుడ్డ కప్పెడివారు. అది వేరు రోగమునకు మందు. గొట్టములో పెట్రోలే ఆవిరియై బుడగలు కట్టి దారి మూయగా, కారు నడిరోడ్డున నిలిచిపోయెడిది. గాలి పలుచనైనందున బండి నిలిచిపోదు, నీరసించును.

ఇక కొండమాట. మన చుట్టునున్న గాలి యొక సముద్రము. గోపాలపట్నము దాని అడుగున నున్నది. పైనున్న గాలి బరువు క్రింది గాలిని నొక్కి చిక్కబరచును. పైకి పోయినకొలది ఆ బరువు తగ్గును. అరకు రైలుమార్గమున శిమిలిగూడ స్టేషను 996 మీటర్ల ఎత్తున నున్నది. అచట గాలి ఒత్తిడి సముద్రతీరముకంటె నూరింట సుమారు పదునొకండు పాళ్లు తక్కువ. క్రింద 36 డిగ్రీలు, పైన 26 డిగ్రీలు ఉన్నవనుకొందము. పది డిగ్రీల చల్లదనమువలన కలుగు లాభము మూడు పాళ్లు. ఎత్తువలన కలుగు నష్టము పదునొకండు. కూడి తీసివేయగా ఎనిమిది పాళ్లు నష్టమే మిగులును. మొదట పొసగనట్లు తోచిన రెండు సంగతులును ఇట్లు పొసగినవి.

కార్బ్యురేటరు గల పూర్వపు కార్లలో పెట్రోలు పాలు తనంతట సరిగా సర్దుకొనెడిది కాదు. గాలి తగ్గినను పెట్రోలు ఎక్కువగనే పోయి, నల్లని పొగ వెడలెడిది. నేటి ఇంజన్లలో గాలి వేడిని, ఒత్తిడిని కనిపెట్టు సెన్సార్లుండును. వాటినిబట్టి చిన్న కంప్యూటరు పెట్రోలును కొలిచి వదలును. దానివలన పొగ తగ్గును, పెట్రోలు మిగులును. లేని గాలిని మాత్రము అది తేలేదు.

గాలిని తెచ్చు ఉపాయము వేరు. బయటకు పోవు పొగ వేగముతోనే ఒక చక్రమును త్రిప్పి, దానిచే గాలిని ఒత్తి సిలిండరులోనికి నెట్టు పద్ధతికి స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బుషీ 1905లో పేటెంటు పొందెను. అదియే టర్బోచార్జరు. కాని ఒత్తిన గాలి వేడెక్కును. సైకిలు పంపు కొట్టినవారు దాని అడుగుభాగము కాలుట ఎరుగుదురు. గాలిని రెండింతలుగా ఒత్తినచో దాని వేడి నూరు డిగ్రీలు దాటును. వేడెక్కినది మరల ఉబ్బును. చేతితో ఇచ్చినది చేతితోనే లాగుకొన్నట్లగును. అందుకే లారీల ముందుభాగమున రేడియేటరు వంటి మరియొక పలక నమర్చి, ఒత్తిన గాలిని దానిగుండ చల్లబరచి లోనికి పంపుదురు. దానిని ఇంటర్‌కూలరు అందురు. దాని రెక్కల నడుమ దుమ్మును, బురదయు పేరుకొన్నచో గాలి చల్లబడదు. ఇంజను మరల మూల్గును.

ఈ విషయము విమానములకు ప్రాణముతో పని. పలుచని గాలిలో ఇంజను బలము తగ్గుటయే కాక, రెక్కలకు ఆధారమును తగ్గును. అందుచేత మండుటెండలో విమానము రన్‌వేపై ఎక్కువ దూరము పరుగెత్తవలసి యుండును. లేదా బరువు తగ్గించుకొనవలెను. సుమారు 3,250 మీటర్ల ఎత్తున నున్న లేహ్ విమానక్షేత్రమునుండి ప్రయాణికుల విమానములు ఎక్కువగా ఉదయమే లేచుటకు ఇదియొక కారణము.

ఘాటీలో లారీ డ్రైవరు కొలతలు చూడడు. ఇంజను ధ్వని వినును. గోపాలపట్నము దగ్గర ముందున్న బస్సును సునాయాసముగా దాటిన బండియే, అనంతగిరి మలుపులో సరుకుతో దాటబోయినచో సగములో చిక్కుబడవచ్చును. ఎదురుగా మరియొక బండి దిగి వచ్చుచుండును. అప్పుడు యాక్సిలరేటరును ఎంత తొక్కినను డీజిలు హెచ్చుగా పోవునే కాని, దానిని మండించు గాలి హెచ్చదు. వెనుక నల్లని పొగ మాత్రము వెడలును. పండిన డ్రైవరు మలుపు రాకముందే తక్కువ గేరులోనికి మార్చి, బస్సు వెనుకనే నెమ్మదిగా ఎక్కును.