మనకు మందు, పిల్లికి విషం

పెంపుడు పిల్లికో కుక్కకో ఒళ్లు వేడెక్కితే మందుల డబ్బా తీసి, పారాసెటమాల్ మాత్రను సగమో పావో విరిచి, పాలలో కలిపి పెట్టేవాళ్లు ఉన్నారు. చిన్న ప్రాణి కదా, చిన్న ముక్క చాలన్నది దాని వెనకున్న లెక్క. పసిపిల్లలకు బరువును బట్టి సిరప్ కొలిచి పోస్తున్నప్పుడు దీనికి మాత్రం ఎందుకు పనికిరాదు అనిపించడం సహజమే. కానీ పసిబిడ్డ కూడా మనిషే. పిల్లి మనిషి కాదు, కుక్క కూడా కాదు. మనకూ వాటికీ ఉన్న తేడా బరువుది మాత్రమే అయితే మోతాదు తగ్గిస్తే సరిపోయేది. అసలు తేడా శరీరం లోపల జరిగే రసాయన చర్యల్లో ఉంది. ఇళ్లలో పెంపుడు జంతువులకు జరిగే అనర్థాల్లో చాలా వాటికి మూలం ఈ ఒక్క విషయం తెలియకపోవడమే. అవి నిర్లక్ష్యం వల్ల జరిగేవి కావు, ప్రేమ వల్ల జరిగేవి. అందుకే ఈ సంగతి కాస్త వివరంగా తెలుసుకోవాలి.

మనం పారాసెటమాల్ వేసుకుంటే, పని అయ్యాక దాన్ని బయటికి పంపే బాధ్యత కాలేయానిది. కాలేయం ఆ మందు అణువుకు గ్లూకురోనిక్ ఆమ్లాన్నో సల్ఫేట్‌నో తగిలిస్తుంది. అప్పుడది నీళ్లలో తేలిగ్గా కరిగి మూత్రంలో పోతుంది. కొద్ది భాగం మాత్రం విషపదార్థంగా మారుతుంది. కాలేయ కణాల్లో ఉండే గ్లూటాథయోన్ దాన్ని ఎప్పటికప్పుడు అణిచేస్తుంది. పిల్లిలో మొదటి దారి దాదాపు మూసుకుపోయి ఉంది. ఆ దారికి కావలసిన ముఖ్యమైన ఎంజైమును తయారుచేసే యూజీటీ1ఏ6 అనే జన్యువు పిల్లి జాతిలో ఏనాడో చెడిపోయింది. సింహానిదీ చీతాదీ కూడా ఇదే పరిస్థితి. మిగిలిన సల్ఫేట్ దారి కాసేపటికే చాలక, మందులో మనిషిలో కంటే ఎక్కువ భాగం విషంగా మారుతుంది, గ్లూటాథయోన్ నిల్వ అయిపోతుంది. దీనికి తోడు పిల్లి రక్తంలో ఇంకో బలహీనత ఉంది. మనిషి హిమోగ్లోబిన్ అణువులో ఇలాంటి విషాలకు తేలిగ్గా చిక్కే గంధకపు స్థానాలు రెండుంటే, పిల్లిలో ఎనిమిది ఉంటాయి. అందువల్ల కొన్ని గంటల్లోనే దాని రక్తం ఆక్సిజన్ మోసే శక్తిని కోల్పోతుంది. గులాబీ రంగులో ఉండాల్సిన చిగుళ్లు మట్టి రంగుకో నీలానికో తిరుగుతాయి. మొహం, పాదాలు వాస్తాయి. పిల్లి ఆయాసపడుతూ మూలకు చేరుతుంది. నాలుగు కిలోల పిల్లికి 500 మిల్లీగ్రాముల మాత్రలో సగం పెడితే కిలోకు 62 మిల్లీగ్రాములు పడినట్టు. కిలోకు 10 మిల్లీగ్రాములకే విషలక్షణాలు కనిపించిన పిల్లులున్నాయి.

పిల్లికి ఈ లోటు ఎందుకొచ్చింది? దాని పూర్వీకులు పూర్తిగా మాంసం మీద బతికినవి. మొక్కల్లో ఉండే రకరకాల రసాయనాలను విరిచే అవసరం వాటికి పెద్దగా రాలేదు. వాడని జన్యువు చెడినా నష్టం లేకపోయింది కనుక ఆ లోపం తరతరాలుగా అలాగే నిలిచిపోయిందని శాస్త్రవేత్తలు భావిస్తున్నారు. ఆస్పిరిన్ పిల్లి ఒంట్లో రోజుకు పైగా తిష్ట వేయడానికీ ఈ లోటే ముఖ్య కారణం. కుక్క ఒంటి మీది పిడుదులకు వాడే పెర్మెత్రిన్ మందుతోనూ ఇదే తంటా. కుక్కకు అది బాగానే పనిచేస్తుంది. అదే మందును పిల్లి మెడ మీద వేస్తే వణుకు, మూర్ఛలు వస్తాయి. దుకాణంలో పక్కపక్కనే ఉన్నంత మాత్రాన కుక్క మందు పిల్లికి పనికిరాదు. ఒక జీవికి మేలు చేసే మందు మరొక జీవికి మృత్యువు కావచ్చనడానికి మన దేశంలోనే ఘోరమైన సాక్ష్యం ఉంది. పశువుల నొప్పులకు వాడిన డైక్లోఫెనాక్ పశువులకు హాని చేయలేదు. ఆ మందు ఒంట్లో ఉండగా చచ్చిన పశువుల కళేబరాలు తిన్న రాబందులకు మాత్రం మూత్రపిండాలు పాడయ్యాయి. కారణం 2004లో బయటపడింది, 2006లో పశువైద్యంలో ఆ మందును నిషేధించారు. అప్పటికే రాబందులు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి.

ఇక్కడ పెద్దవాళ్లు ఒక మాట అంటారు. ‘మా ఊళ్లో కుక్కలు తరతరాలుగా మనం తిన్నదే తిన్నాయి, ఏమైంది?’ అని. ఈ ప్రశ్నను తేలిగ్గా కొట్టిపారేయకూడదు, ఎందుకంటే ఇందులో సగం నిజం. తోడేళ్లలో పిండిపదార్థాన్ని అరిగించే ఏఎంవై2బీ జన్యువు ప్రతులు రెండే ఉంటే, కుక్కల్లో నాలుగు నుంచి ముప్పై దాకా ఉన్నాయని 2013లో వెలువడిన పరిశోధన చూపింది. వేల ఏళ్లు మన వాకిట్లో బతికిన కుక్క అన్నాన్ని అరిగించుకోవడం నేర్చింది. కానీ అన్నం అరిగినంత మాత్రాన అన్నంలో కలిపినవన్నీ అరగవు. ఉల్లి, వెల్లుల్లిలోని గంధక రసాయనాలు కుక్క ఎర్ర రక్తకణాలను చితకొడతాయి, పిల్లివైతే ఇంకా తొందరగా. వేయించినా ఉడికించినా ఆ గుణం పోదు. కీడు వెంటనే కనబడదు కూడా. రక్తహీనత బయటపడేది చాలాసార్లు కొన్ని రోజుల తర్వాతే. ఆదివారం నాటి కోడికూర గుజ్జుకూ గురువారం నాటి నీరసానికీ ముడిపెట్టే ఆలోచన ఎవరికీ రాదు. ‘ఏమీ కాలేదు’ అన్న అనుభవం ఇలాగే పుడుతుంది. పైగా బతికిన కుక్కే మన కళ్ల ముందు తిరుగుతుంది. చచ్చినదాన్ని ఎందుకు చచ్చిందని ఎవరూ పరీక్ష చేయించరు.

తెలుగు వంటింటికి ఇంకా దగ్గరి సంగతి చింతపండు. ద్రాక్ష, కిస్మిస్ తిన్న కొన్ని కుక్కలకు మూత్రపిండాలు ఎందుకు దెబ్బతింటున్నాయో ఇరవై ఏళ్లు అంతుపట్టలేదు. 2021లో అమెరికాలోని ఏఎస్‌పీసీఏ జంతు విష నియంత్రణ కేంద్రం పశువైద్యులు టార్టారిక్ ఆమ్లం మీద అనుమానం వ్యక్తం చేశారు. ఆ ఆమ్లపు లవణం కలిపిన పిండిముద్ద తిన్న కుక్కలోనూ అదే రకం దెబ్బ కనిపించింది. ఆ తర్వాత చింతపండు తిన్న కుక్కల్లోనూ కనిపించింది. చింతపండు పులుపుకు మూలం ఈ టార్టారిక్ ఆమ్లమే. అలాగని నిన్న ఒక ముద్ద చారన్నం తిన్న కుక్కను చూసి బెంబేలు పడనక్కర్లేదు. చారులో చింతపండు పలుచన, పైగా అన్ని కుక్కలూ ఒకేలా స్పందించవు. కానీ ఏ కుక్క తట్టుకుంటుందో, ఏది తట్టుకోదో ముందుగా చెప్పే పరీక్ష లేనప్పుడు పులిహోర, పిండేసిన చింతపండు పిప్పి దానికి అందకుండా ఉంచడమే తెలివైన పని. ఇక పెరుగన్నం మీదే పెరిగే పిల్లికి విషం కంటే లోటే ప్రమాదం. టారిన్ అనే పోషకాన్ని అది తనకు సరిపడా తయారుచేసుకోలేదు, మాంసం, చేపల నుంచే పొందాలి. అది అందని పిల్లులకు చూపు పోతుందని 1970లలోనే తేలింది. గుండె కూడా బలహీనపడుతుందని 1987లో తెలిసింది. పిల్లిని పెంచుతూ దానికి శాకాహారమే పెడతామనడం దాని శరీరం ఒప్పుకోని నియమం.

‘కుక్కలకు పశువైద్యులే ఒక్కోసారి పారాసెటమాల్ రాస్తారు కదా’ అని అడగవచ్చు. నిజమే, రాస్తారు. కుక్క కాలేయం ఆ మందును కొంతవరకు వదిలించుకోగలదు. మోతాదు లెక్కకట్టి, కాలేయం స్థితి చూసి రాస్తారు. ఆ చీటీ చూసి ఇంట్లోని పిల్లికి కూడా వేయడమే అసలు ముప్పు. ‘డాక్టరు దగ్గర లేరు, ఖర్చు భరించలేం’ అన్నది ఇంకా బరువైన అభ్యంతరం. ఊరికి దూరంగా ఉండేవాళ్లకు ఆ ఇబ్బంది నిజమైనదే. అయితే మాత్ర పెట్టకుండా ఉండటానికి ఖర్చేమీ లేదు. ఒక పూట జ్వరంతో నీళ్లు తాగుతూ నీడన పడుకున్న పిల్లికి, పారాసెటమాల్ మింగిన పిల్లికంటే బతికే అవకాశం చాలా ఎక్కువ.

ఇప్పటికే మింగి ఉంటే చిగుళ్ల రంగు మారేదాకా ఆగకండి. పారాసెటమాల్‌కు విరుగుడుగా ఎన్-ఎసిటైల్‌సిస్టీన్ ఉంది. అది గ్లూటాథయోన్‌ను తిరిగి నింపడానికి తోడ్పడుతుంది, కానీ మొదటి కొన్ని గంటల్లో ఇస్తేనే ఎక్కువ ఫలితం. కక్కించాలని ఉప్పునీళ్లు పోయకండి, ఆ ఉప్పే ప్రాణం తీయగలదు. మింగిన మందు స్ట్రిప్, మింగిన వేళ, జంతువు బరువు, ఈ మూడు వివరాలతో ముందు పశువైద్యుడికి ఫోన్ చేసి, వెంటనే బయలుదేరండి.