క్యాన్సర్ రోగుల మనోవ్యథను గుర్తించే ప్రశ్నావళులు: సోమందేపల్లె ప్రాంత భాషా నేపథ్యం

కీలకపదాలు: క్యాన్సర్, కుంగుబాటు, మనోవ్యథ, ప్రశ్నావళి, అనువాదం, రాయలసీమ మాండలికం.

1. ఉపోద్ఘాతం

గడ్డ పరిమాణాన్ని, రక్తకణాల సంఖ్యను యంత్రాలు చెబుతాయి. రోగి దిగులును మాత్రం రోగి మాటే చెప్పాలి. కనుక మనోవ్యథను గుర్తించే పరీక్ష వైద్యప్రక్రియ మాత్రమే కాదు, భాషావ్యవహారం కూడా. నేటి శ్రీ సత్యసాయి జిల్లాలోని సోమందేపల్లె, బెంగళూరుకు వెళ్లే 44వ జాతీయ రహదారి మీద ఉన్న మండల కేంద్రం. వేరుసెనగ, వాననే నమ్ముకున్న మెట్ట ప్రాంతమిది. తెలుగుతో కన్నడం కలిసే సరిహద్దు కూడా. ఇక్కడి రోగిని ఏ మాటలతో అడిగితే అతని వ్యథ బయటపడుతుందన్నదే ఈ వ్యాసంలోని పరిశీలనాంశం.

2. ప్రధాన సాధనాలు

పిహెచ్‌క్యూ-9లో తొమ్మిది ప్రశ్నలుంటాయి. గత రెండు వారాల స్థితిని బట్టి 0 నుండి 27 వరకు మార్కులు వస్తాయి. సాధారణంగా 10 గాని అంతకు మించి గాని వస్తే లోతైన పరిశీలన అవసరమని భావిస్తారు. అయితే నిద్రలేమి, ఆకలి మందగించడం, నీరసం కుంగుబాటు వల్లనే కాక కీమోథెరపీ వల్ల కూడా కలుగుతాయి. 1983లో జిగ్మండ్, స్నెయిత్ రూపొందించిన పద్నాలుగు ప్రశ్నల ‘హాడ్స్’ మాపనం ఇటువంటి శారీరక లక్షణాలను చాలావరకు పక్కన పెట్టింది.

మూడవది ‘డిస్ట్రెస్ థర్మామీటర్’. రోగి తన వ్యథను 0 నుండి 10 వరకు గుర్తిస్తాడు. 4 గాని అంతకు మించి గాని వస్తే శ్రద్ధ అవసరం. దీనితోపాటు ఉండే సమస్యల పట్టికలో డబ్బు, ప్రయాణం, కుటుంబం వంటివి కూడా చోటుచేసుకున్నాయి. మనోరోగాన్ని సూచించే పదాలకు రోగులు జంకుతారని తలచే అమెరికా నిపుణులు ‘డిస్ట్రెస్’ అనే పదాన్ని కోరి ఎంచుకున్నారు. సాధనం పుట్టిన భాషలోనే పదం ఎంపిక అంత ముఖ్యమైతే, అనువాదంలో దాని ప్రాధాన్యం చెప్పనక్కరలేదు.

3. పదం – అర్థపరిధి

‘మీకు బాధ ఎంత ఉంది?’ అని అడిగితే వృద్ధురాలు ఒంటినొప్పిని లెక్కగడుతుంది. తెలుగులో ‘బాధ’ శరీరానికీ మనసుకూ సమానమే. ‘నిస్పృహ’, ‘కుంగుబాటు’ పుస్తకాల మాటలు. ‘దిగులు’, ‘మనేద’, ‘బేజారు’ వాడుకలోనివి. అయితే ఇవి పర్యాయపదాలు కావు. ‘దిగులు’లో రాబోయేదాని భయం, ‘మనేద’లో మనిషిని లోలోపల తినేసే చింత, ‘బేజారు’లో విసుగు ప్రధానం.

తొమ్మిదవ ప్రశ్న మరింత జాగ్రత్త కోరుతుంది. చనిపోతే బాగుండునన్న తలంపు, తనకు తాను హాని చేసుకోవాలన్న ఆలోచన – రెండూ అందులో ఒకటిగా ఉన్నాయి. ‘సావన్నా రాకపాయె’ అనడం పల్లెల్లో నిట్టూర్పు వంటిది. దాన్ని ఊతపదమని కొట్టిపారేయరాదు, ఆత్మహత్యా సంకల్పమని వెంటనే నిర్ధారించరాదు. ‘ఏమైనా చేసుకోవాలనిపిస్తోందా?’ అని నెమ్మదిగా, సూటిగా మరో ప్రశ్న అడగాలి. అలా అడగడం వల్ల ఆ ఆలోచన కొత్తగా పుట్టదు.

అంకెలూ అందరికీ ఒకటి కావు. దుఃఖానికి పదిలో ఆరు అనడం తెలియనివారు ‘రూపాయిలో పావలా తగ్గింది’ అనగలరు. అయితే ప్రశ్నను మార్చితే సాధనమే మారుతుంది. మారిన పాఠానికి పాత గీటురాయి వర్తిస్తుందో లేదో స్థానిక రోగులతోనే తిరిగి పరీక్షించాలి.

4. ప్రశ్నించే సందర్భం

‘రాచపుండు’ అన్న పాత పేరులోనే భయముంది. అందుకే చాలా కుటుంబాలు రోగికి జబ్బు పేరు చెప్పక ‘గడ్డ’ అంటాయి. పక్కనున్న కొడుకో కోడలో జవాబు చెబితే నమోదయ్యేది వారి మాటే. రోగిని ఒంటరిగా, తనకు తెలిసినంత మేరకే అడగాలి. బెంగళూరు ఆసుపత్రిలో ప్రశ్న కన్నడంలో వినబడితే తల ఊపడం సమాధానం కాదు. బజారు కన్నడం వచ్చినవారికి దుఃఖం చెప్పుకునే కన్నడం రావాలని లేదు.

5. ఉపసంహారం

ప్రశ్నావళి రోగాన్ని నిర్ధారించదు, ఎవరితో ఇంకా మాట్లాడాలో చూపుతుంది. ఆ తర్వాతి సంభాషణ, చికిత్స లేకపోతే మార్కులు కాగితం మీదే మిగులుతాయి. 2022 అక్టోబరులో మొదలైన టెలి-మానస్ (14416) ఒక దారి. తెలుగు శాఖలకూ ఇందులో పని ఉంది. మాండలిక పదాల అర్థభేదాలను వైద్యులతో కలిసి నిర్ణయించడం నిఘంటువుకే పరిమితమైన పని కాదు. సరైన మాట దొరకనిచోట రోగి ‘బాగానే ఉన్నాను’ అంటాడు, ఆ జవాబే నమోదవుతుంది.