మగ్గం పక్కన మంచం

2025 మే 18, ఆదివారం. తెల్లవారుజామున నాలుగు కావస్తుండగా సోలాపూర్ అక్కల్‌కోట్ రోడ్డు ఎంఐడీసీ పారిశ్రామిక వాడలో ఒక టవళ్ల కార్ఖానాకు నిప్పంటుకుంది. ఎనిమిది మంది చనిపోయారు. వారిలో యజమాని ఉన్నారు, ఆయన ఇంటివాళ్లున్నారు, ఏడాదిన్నర పసివాడున్నాడు, అక్కడే కాపురముంటున్న కార్మిక కుటుంబం ఉంది. షార్ట్ సర్క్యూట్ అయి ఉంటుందని అధికారులు తొలిరోజే అనుమానించారు. మంటలు ఆర్పడానికి గంటల తరబడి పట్టింది. ప్రధానమంత్రి సహాయ నిధి నుంచి మృతుల కుటుంబాలకు రెండేసి లక్షలు ప్రకటించారు. యజమానికీ కూలీకీ ఆస్తిలో ఎంత తేడా ఉన్నా ఆ రాత్రి ఇద్దరికీ ఒకటే గతి పట్టింది. ఇద్దరూ పనిచేసే చోటే పడుకున్నారు. నూలు నిలవ ఉన్న కప్పు కిందే పిల్లల్ని పడుకోబెట్టుకున్నారు.

సోలాపూర్ పూర్వభాగంలో ఏ గల్లీలోకి వెళ్లినా ఇదే ఏర్పాటు చిన్న రూపంలో కనిపిస్తుంది. సాఖర్ పేఠ్, భద్రావతి పేఠ్, దాజీ పేఠ్, అశోక్ చౌక్, నీలం నగర్ ఇళ్లలో కింద సాంచాలు, అంటే మరమగ్గాలు, పైన కాపురం. లేదా ముందు గదిలో సాంచాలు, వెనక గదిలో వంట. కరీంనగర్, వరంగల్, నల్గొండ, పాలమూరు జిల్లాల నుంచి కరువుకూ కూలికీ తరలివచ్చిన పద్మశాలీలు చేతిమగ్గం రోజుల్లోనే ఇలా స్థిరపడ్డారు. గుంటమగ్గం ఇంట్లో ఉండటమే అప్పటి రివాజు. దానివల్ల ముప్పు కూడా పెద్దగా లేదు, ఎందుకంటే చేతిమగ్గానికి కరెంటు లేదు. మరమగ్గం వచ్చాక మోటారు వచ్చింది, త్రీఫేజు తీగ వచ్చింది, పెట్టెల కొద్దీ నూలు కోన్లు వచ్చాయి. ఇల్లు మాత్రం అలాగే ఉండిపోయింది. నేతింటి కుటుంబానికి ప్రాణం, పైకప్పు, పనిముట్టు, కూలి అనే నాలుగూ ఒకే గోడల మధ్య ఉన్నాయి. ఉద్యోగస్తుడి ఇల్లు కాలితే మర్నాడు ఆఫీసు ఉంటుంది. ఇక్కడ ఒక్క నిప్పురవ్వ నాలుగింటినీ ఒకే రాత్రి తీసుకుపోగలదు. అందుకని బీమా గురించీ భద్రత గురించీ ఊరందరికీ చెప్పే సలహా ఈ పేటలకు చాలదు. ముందు ఈ నాలుగింటినీ వీలైనంత విడదీయాలి. విడదీయలేనిదానికి బీమా చేయించాలి. ఆ బీమా కూడా తిరిగి సంపాదించుకోలేనిదాని నుంచి మొదలుపెట్టాలి. మనవాళ్లలో చాలామంది చేస్తున్నది దీనికి తలకిందులుగా ఉందన్నదే నా బాధ.

సాంచాలు నడిచే గదిలో స్విచ్‌బోర్డు పైఅంచు మీద వేలు పెట్టి గీయండి. బూడిదరంగు నుసి పొరలా లేచి వస్తుంది. టవళ్లు నేసేటప్పుడు నూలు నుంచి రాలే సన్నటి దూది అది. మోటారు రెక్కల్లో, ట్యూబులైటు పట్టీ మీద, గోడ మీద పాకిన తీగల వెంట, సాలెగూళ్లలో అంతటా పేరుకుంటుంది. తీగ అతుకు వదులైతే అక్కడ వేడి పుడుతుంది, ఆ వేడికి నుసి అంటుకుంటుంది. అక్కడి నుంచి మంట నుసి దారినే గోడంతా పరుగెత్తి కోన్ల పెట్టెల దాకా పోతుంది. కాలిన ఫ్యూజు తీగ బదులు లావు రాగితీగ చుట్టే అలవాటు దీనికి తోడు. ఫ్యూజు పని కాలిపోవడమే. దాన్ని కాలకుండా చేస్తే దాని బదులు గోడలోని తీగ కాలుతుంది. మెయిన్ ఆపి వారానికోసారి పొడి బ్రష్షుతో నుసి దులిపి బయట పారేయాలి. గాలి కొట్టి ఎగరగొడితే అది మళ్లీ మోటారులోకే చేరుతుంది. ఒక ఎంసీబీ, 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే కరెంటు తెంచేసే ఒక ట్రిప్ స్విచ్ పెట్టించి, దాని మీది టెస్ట్ బటన్ అప్పుడప్పుడూ నొక్కి చూసుకోవాలి. వీటికయ్యే ఖర్చు ఏ నేతింటికీ మోయలేనిది కాదు.

అయితే నిద్రలో ఉన్నవాళ్లను ఎక్కువగా చంపేది మంట కాదు, పొగ. పొగ వాసనకు మెలకువ వస్తుందనుకుంటాం గానీ నిద్రలో ముక్కు సరిగా పనిచేయదు. నూలు కాలిన పొగలోని విషవాయువు మనిషిని నిద్రలోంచి నేరుగా స్పృహ లేని స్థితిలోకి నెట్టేస్తుంది. పొగను పసిగట్టి మోగే బ్యాటరీ గంట పెద్ద ఖరీదేం కాదు, దాన్ని పడకకూ సాంచాల గదికీ మధ్య తగిలించాలి. దానికంటే ముఖ్యమైనది రెండో దారి. పేటల్లో ఎన్నో ఇళ్లకు ఒక్కటే తలుపు, దాని ముందు షట్టరు, షట్టరుకు తాళం, కిటికీలకు కదలని ఇనుప గ్రిల్లు. దొంగ రాకుండా వేసిన ఆ గ్రిల్లు అవసరానికి మనల్నీ బయటికి పోనివ్వదు. ఒక్క కిటికీ గ్రిల్లుకైనా లోపలి నుంచి తెరుచుకునే గడియ పెట్టించి, తాళంచెవి ఎక్కడుంటుందో ఇంట్లో అందరికీ, పదేళ్ల పిల్లకు కూడా, తెలిసేలా చూడాలి.

దీనికి వచ్చే మొదటి అభ్యంతరం జాగా. రెండు గదుల ఇంట్లో నాలుగు సాంచాలు ఉంటే మంచం ఎక్కడ వేయాలి? ఇది నిజమైన ఇబ్బందే, దీన్ని తేలిగ్గా కొట్టిపారేసే హక్కు నాకు లేదు. కుంభారి దగ్గర బీడీ చేసే ఆడవాళ్ల కోసం పదివేల ఇళ్ల కాలనీ వచ్చింది. ఆ తర్వాత రేనగర్‌లో 30 వేల ఇళ్ల పథకం మొదలై, 2024 జనవరిలో 15 వేల ఇళ్లు అప్పగించారు. అలాంటి చోటికి కాపురం మార్చుకోగలిగినవాళ్లకు ఇల్లొక చోట, పని ఒక చోట అన్నది తనంతట తానే కుదిరింది. మారలేనివాళ్లు కనీసం నూలు పెట్టెలను తలుపు దగ్గర నుంచీ మెట్ల కింద నుంచీ తీసేయవచ్చు. మనిషి పారిపోయే దారిలో నూలు పేర్చకూడదు, దానికి అదనపు జాగా అక్కర్లేదు. రెండో అభ్యంతరం నుదుటి రాత. రాసిపెట్టి ఉంటే ఏం చేసినా ఆగదంటారు. మార్కండేయుణ్ణి కులదైవంగా కొలిచి, ఏటా శ్రావణ పున్నమికి ఆయన రథం లాగే జనం ఈ మాట అనకూడదు. పదహారేళ్లే ఆయుష్షని రాసిపెట్టినా ఆ పిల్లవాడు చేతులు కట్టుకు కూర్చోలేదన్నదే ఆ కథ. అదే పేరుతో ఇదే ఊళ్లో సహకార పద్ధతిన ఆస్పత్రి కట్టుకున్నదీ ఈ జనమే. ఒకరి జబ్బుకు పదిమంది పైసలు కూడేసుకోవడమే బీమా. అది మనకు కొత్త సంగతి కాదు.

ఇక బీమా. నేతిళ్లలో పాలసీ అంటే ఎక్కువమందికి గుర్తొచ్చేది ఇరవై ఏళ్లు కట్టి, కూతురి పెళ్లికి మొత్తంగా తీసుకునే పాలసీ. అది పొదుపు. అందులో ప్రాణానికి వచ్చే రక్షణ బహు తక్కువ. ఎందుకంటే కట్టిన సొమ్ములో పెద్ద భాగం తిరిగి ఇవ్వడానికే పక్కన పెడతారు. అచ్చమైన బీమాలో ఏమీ జరక్కపోతే కట్టింది తిరిగి రాదు. దాంతో అది దండగ అనిపిస్తుంది. లెక్క చూద్దాం. ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమాకు ఏడాదికి 436 రూపాయలు. ఏ కారణంతో చనిపోయినా 2 లక్షలు వస్తాయి. 18 నుంచి 50 ఏళ్ల లోపు చేరవచ్చు, 55 దాకా సాగుతుంది. ప్రధానమంత్రి సురక్షా బీమాకు ఏడాదికి 20 రూపాయలు. ప్రమాదంలో ప్రాణం పోయినా, రెండు చేతులో రెండు కళ్లో పోయినా 2 లక్షలు, ఒక చెయ్యో ఒక కన్నో పోతే లక్ష, 70 ఏళ్ల దాకా. రెండూ కలిపి 456, అంటే రోజుకు రూపాయి పావలా. ప్రమాదంలో పోతే రెండింటి నుంచీ 4 లక్షలు. మే 18 ప్రమాదం తర్వాత ప్రకటించిన రెండు లక్షలు పెద్ద ప్రమాదం కాబట్టి, పేపర్లో పడింది కాబట్టి వచ్చిన సాయం. గల్లీలో ఒక్కడికి షాకు కొట్టి పోతే ఏ నిధీ ప్రకటన చేయదు. 436 రూపాయలతో వచ్చే రెండు లక్షలు మాత్రం హక్కుగా వస్తాయి, ఎవరి దయా అక్కర్లేదు.

తెలంగాణలో ఉన్న మన బంధువులకు ప్రభుత్వమే ఇంకాస్త చేసింది. 2022 ఆగస్టు 7న అక్కడ మొదలైన నేతన్న బీమాలో నేతకార్మికుడి కుటుంబానికి 5 లక్షలు, కిస్తీ మొత్తం సర్కారుదే. సిరిసిల్లలో ఉన్న అన్నకు వర్తించింది సోలాపూర్‌లో ఉన్న తమ్ముడికి వర్తించదు, మగ్గం ఒకటే అయినా రాష్ట్రం వేరు. మరమగ్గాల కార్మికుల కోసం కేంద్రం 2003లో ఎల్‌ఐసీతో కలిసి తెచ్చిన సామూహిక బీమాలో కార్మికుడి వాటా చాలా స్వల్పంగా ఉండేది, మిగతాది ప్రభుత్వం భరించేది. ఇప్పుడు ఆ బరువు మళ్లీ ఇంటి మీదే పడింది. మహారాష్ట్ర సర్కారును నేతన్న బీమా లాంటిది అడగాలి, గట్టిగా అడగాలి. కానీ అది వచ్చేదాకా ఈ 456 ఆపుకోవడంలో అర్థం లేదు.

ఈ రెండు బీమాలకు ఒక గడువుంది. ఏడాది జూన్ 1న మొదలై మే 31న ముగుస్తుంది, సొమ్ము ఖాతా నుంచి తనంతట తానే కోతపడుతుంది. మే చివర్లో ఖాతాలో ఐదొందలు లేకపోతే బీమా చప్పుడు లేకుండా ఆగిపోతుంది. కూలి చేతికి నగదుగా వచ్చే ఇళ్లలో బ్యాంకు ఖాతా ఎప్పుడూ ఖాళీగానే ఉంటుంది. కొత్తగా చేరినవాళ్లకు మొదటి 30 రోజులు ప్రమాద మరణానికి తప్ప రక్షణ ఉండదు, కనుక ఒకసారి తెగితే మళ్లీ అతికించుకోవడానికి కొంత నష్టం తప్పదు. ఇంకో మాట. ఇంట్లో మగవాడి పేరు మీద మాత్రమే బీమా చేయించి ఊరుకుంటున్నారు. పొద్దస్తమానం చాట ముందేసుకుని బీడీలు చుట్టే ఇల్లాలి సంపాదన లేకుండా ఈ పేటల్లో ఎన్ని పొయ్యిలు వెలుగుతాయి? ఆమెకూ అదే 456. ఆరోగ్యానికి మహాత్మా ఫులే జన ఆరోగ్య యోజనను ఇప్పుడు కార్డు రంగుతో పని లేకుండా రాష్ట్రంలో అందరికీ, కుటుంబానికి 5 లక్షల దాకా విస్తరించారు. 70 నిండినవాళ్లకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఆయుష్మాన్ కార్డు ఉంది. పదిమంది గానీ అంతకు మించి గానీ పనిచేసే కార్ఖానాలో నెలకు 21 వేల లోపు జీతగాళ్లకు ఈఎస్‌ఐ హక్కు. ఒకే షెడ్డును కాగితాల మీద మూడు ముక్కలు చేసి కార్మికులను పదిమంది లోపు చూపించే యజమాని తన మనిషికి ఆస్పత్రిని దూరం చేస్తున్నాడు, అది తప్పు.

ప్రాణమూ ఆరోగ్యమూ అయ్యాకే ఆస్తి. 2021 ఏప్రిల్ 1 నుంచి సాధారణ బీమా కంపెనీలన్నీ ఒకే తీరు షరతులతో అమ్ముతున్న ఇంటి పాలసీ పేరు భారత్ గృహ రక్ష. అగ్గి, వరద, భూకంపం, పేలుడు దాని పరిధిలోకి వస్తాయి. ఇల్లు తిరిగి కట్టడానికయ్యే ఖర్చుకే బీమా, స్థలం ధరకు కాదు. కనుక మొత్తం చూసి భయపడనక్కర్లేదు. ఇంట్లో సామానుకు విడిగా చెప్పకపోయినా ఇంటి బీమా మొత్తంలో 20 శాతం దాకా, 10 లక్షలకు మించకుండా రక్షణ ఉంటుంది. అద్దెకున్నవాళ్లు సామాను వరకే చేయించుకోవచ్చు. కానీ ఈ పాలసీ కాపురానికి ఉద్దేశించినది. సాంచాలున్నాయన్న సంగతి దాచిపెట్టి ఇల్లని రాయిస్తే, రేపు సర్వేయరు కాలిన మోటార్లు చూసినప్పుడు ఆ దాచిన మాటే మన మెడకు చుట్టుకుంటుంది. సాంచాలకూ నూలుకూ విడిగా భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష ఉంది, ఆస్తి విలువ 5 కోట్ల లోపున్న వ్యాపారాలకు. కిస్తీ తగ్గుతుందని విలువ తగ్గించి రాయించే పొరపాటు ఇక్కడే జరుగుతుంది. పది లక్షల సరంజామాను ఐదు లక్షలకు రాయించారనుకుందాం. రెండు లక్షల నష్టం జరిగితే వచ్చేది సుమారు ఒక లక్షే, సగానికి బీమా చేస్తే నష్టంలోనూ సగమే. జాబ్ వర్కు మీద నేసేవాళ్ల షెడ్డులో ఉన్న నూలు వ్యాపారిది. అది కాలితే బాకీ మాత్రం నేతగాడి మీదే పడుతుంది. ఇతరుల సరుకు కూడా ఉంటుందని పాలసీలో రాయించుకోవాలి. గ్యాసు సిలిండరు సంగతి చాలామందికి తెలియదు. దానికి మనం పైసా కట్టకుండానే ఆయిల్ కంపెనీల బీమా ఉంది, మనిషి చనిపోతే 6 లక్షలు. ప్రమాదం జరిగిన వెంటనే డీలరుకు రాతపూర్వకంగా తెలియజేయాలి. ఐఎస్ఐ గుర్తున్న పైపు వాడుతూ ఐదేళ్లకోసారి మార్చాలి.

"కట్టించుకునేటప్పుడు వస్తారు, ఇచ్చేటప్పుడు తిప్పుతారు" అన్నది అందరి నోటా వినబడే అభ్యంతరం, దాని వెనక చేదు అనుభవాలున్నాయి. అయినా దేశం మొత్తం మీద 2022-23లో వ్యక్తిగత జీవిత బీమా మరణ క్లెయిముల్లో నూటికి 98కి పైగా చెల్లించారు. పాలసీ తీసుకుని మూడేళ్లు నిండితే ఏ సాకుతోనూ దాన్ని కాదనకూడదని చట్టంలో 45వ సెక్షను ఉంది. ఆస్తి క్లెయిముల్లో పేచీలు ఎక్కువే. వాటికి బీమా అంబుడ్స్‌మన్ ఉన్నాడు, సోలాపూర్‌కు పుణె కార్యాలయం, 50 లక్షల దాకా వివాదాలు, రుసుము లేదు, వకీలు అక్కర్లేదు. మన పేటల్లో క్లెయిము చిక్కుపడేది తరచుగా పేర్ల దగ్గర. ఇంటిపేరు తెలుగులో ఒకటి, మరాఠీ రేషన్ కార్డులో ఇంకోలా, ఇంగ్లీషు ఆధార్‌లో మరోలా ఉంటుంది. ఇక్కడి ఆచారం ప్రకారం పెళ్లయ్యాక కొందరు ఆడపిల్లలకు పేరే మారుస్తారు. తండ్రి పేరు స్థానంలో భర్త పేరు చేరుతుంది. బ్యాంకులో నామినీగా రాసిన పేరుకూ ఆమె చేతిలో ఉన్న కార్డుకూ పొంతన కుదరదు. మనిషి పోయిన పదిరోజుల్లో ఆమె అఫిడవిట్ల కోసం తిరగాల్సి వస్తుంది. బతికున్నప్పుడే బ్యాంకుకు వెళ్లి ఆధార్‌లో ఉన్నట్టే రాయించాలి.

ఇంకొకటుంది. పాలసీ కాగితం, ఇంటి పత్రాలు, సాంచాల బిల్లులు, బ్యాంకు పాస్‌బుక్కు అన్నీ బీరువాలో, ఆ బీరువా సాంచాల పక్క గదిలో. ఇల్లు కాలితే, ఇల్లు కాలిందని అడిగే కాగితం కూడా దాంతోపాటే కాలిపోతుంది. ఈ రాత్రే వాటన్నింటికీ ఫోన్లో ఫొటోలు తీసి, భివండీలో ఇచ్చిన కూతురికో, సిరిసిల్లలో ఉన్న పెద్దనాయన కొడుక్కో పంపించండి. వాళ్ల ఫోన్లు ఈ కప్పు కింద ఉండవు.